ఆ మృగమును చేసిన చేతులు



ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇళ్లకు మళ్లుతున్న వేళ, మా సంఘములోని ఒక పెద్దమ్మ మనుమడి చెయ్యి పట్టుకొని మా దగ్గరకు వచ్చింది. "అయ్యగారూ, ఇది ఒకసారి చూడండి. రెండు రాత్రులనుండి నాకు కంటిమీద కునుకు లేదు" అన్నది. మనుమడు ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. చిరుతపులిని పోలిన పెద్ద బొమ్మ. వీపున రెక్కలు. ఒళ్లంతా రంగురంగుల గీతలు, చుక్కలు. ఫొటో క్రింద తెలుగులో నాలుగు మాటలు రాసి ఉన్నాయి. ప్రకటన గ్రంథములోని క్రూరమృగమును ఐక్యరాజ్య సమితి వాకిట నిలబెట్టారనీ, అంత్యదినములు వచ్చేశాయనీ, దీనిని వెంటనే పదిమందికి పంపమనీ వాటి సారాంశము.

"మరి పదిమందికి పంపారా?" అని అడిగాము.

"లేదండీ. మిమ్మల్ని అడిగిన తరువాత పంపుదామని ఆగాను" అన్నది ఆమె.

ఆమె ఆగినందుకు మాకు సంతోషమైనది. అయితే ఆ క్షణములో ఆమెకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. ఆ బొమ్మ ఏమిటో మాకూ తెలియదు. "వచ్చే ఆదివారము చెబుతాము, అంతవరకు దిగులు పెట్టుకోవద్దు" అని పంపించి, ఆ వారమంతా దానిని గురించి చదివాము, తెలిసినవారిని అడిగాము. అలా తెలిసిన సంగతులే ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము. ఇటువంటి ఫొటోలు మీలో అనేకుల ఇళ్లకు కూడా వచ్చి ఉంటాయి.

ముందుగా ఒక మాట. ఆ ఫొటో కల్పితము కాదు. 2021 నవంబరులో అమెరికాలోని న్యూయార్కు నగరములో, ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యాలయము వెలుపల, సందర్శకులు తిరిగే ఆవరణలో ఆ బొమ్మను నిజముగానే ఉంచారు. ఆ నెలలో భద్రతా మండలికి అధ్యక్షత వహించినది మెక్సికో దేశము. ఆ దేశములోని వహాకా రాష్ట్ర ప్రభుత్వము దానిని బహూకరించినది. అంతర్జాతీయ శాంతి భద్రతలకు కావలివాడు అని దానికి పేరు పెట్టారు. ఉంచినది కొద్దికాలపు ప్రదర్శనకే. జాగ్వారు అనే అక్కడి చిరుతజాతి మృగమును, గ్రద్దను ఒకే రూపములో కలిపి చేసిన శిల్పము అది. చేసినవారు హకోబో ఆంహెలెస్, మరియా ఆంహెలెస్ అనే భార్యాభర్తలు. వారిది సాన్ మార్టిన్ టిల్కాహెతె అనే పల్లె.

ఒక పల్లెటూరి దంపతులు చేసిన బొమ్మను చూసి సముద్రముల ఇవతల మన పెద్దమ్మకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఈ రెంటి నడుమ ఏమి జరిగినదో తెలియాలంటే ఆ బొమ్మల పుట్టుక తెలియాలి. ఆ జాతి బొమ్మలను మెక్సికోలో 'అలెబ్రిహె' అంటారు. ఆ మాట ఎనభై ఏండ్లు దాటినది గాని, అంతకు ముందు ఏ భాషలోను లేదు. ఒక రోగి కలలో విన్న మాట అది.

ఆ రోగి పేరు పెద్రో లినారెస్. 1906లో మెక్సికో నగరములో పుట్టాడు. తండ్రి కాగితముతో, అట్టతో బొమ్మలు చేసేవాడు. కుమారుడు కూడా ఆ పనే నేర్చుకున్నాడు. పిల్లల పండుగలకు మిఠాయిలు నింపి, పైన వ్రేలాడదీసి, కర్రతో కొట్టి పగులగొట్టే 'పిన్యాతా' అనే బొమ్మలు వారు చేసేవారు. ముఖానికి తొడుగుకొనే బొమ్మముఖాలు చేసేవారు. అన్నిటికంటె ముఖ్యముగా యూదా బొమ్మలు చేసేవారు. యూదా అంటే మనకు తెలిసిన ఇస్కరియోతు యూదాయే. మెక్సికోలో క్రైస్తవులలో ఎక్కువమంది రోమను కథోలికులు. శ్రమల వారములో, ఈస్టరుకు ముందు శనివారమున, కాగితపు యూదా బొమ్మలకు టపాకాయలు కట్టి వీధిలో కాల్చడము అక్కడ పాత వాడుక. ప్రభువును అప్పగించినవాని మీద జనులు చూపే అసహ్యము అది. ఆ బొమ్మలకు తరచుగా కొమ్ములు పెట్టి, సాతాను రూపములో చేసేవారు. అందువలన కొమ్ములు, కోరలు, తోకలు చేయడములో లినారెస్ చేతులకు చిన్ననాటినుండే అలవాటు ఉన్నది.

1936లో, ముప్పై ఏండ్ల వయసులో, ఆయన తీవ్రమైన జబ్బుతో మంచము పట్టాడు. ఒంటిమీద స్పృహ లేకుండా పోయినది. ఆ స్థితిలో తనకు వచ్చిన కలను ఆయన తరువాత అనేకసార్లు చెప్పుకున్నాడు. ఒక అడవిలాంటి చోట తాను నడుస్తున్నాడట. చెట్లు, బండలు, మేఘాలు చూస్తుండగానే వింత జంతువులుగా మారిపోయాయట. సీతాకోకచిలుక రెక్కలున్న గాడిద, ఎద్దు కొమ్ములున్న కోడిపుంజు, గ్రద్ద తల ఉన్న సింహము. అవన్నీ ఒక్క గొంతుతో "అలెబ్రిహె, అలెబ్రిహె" అని అరిచాయట. ఆ అరుపు భరించలేక నడుస్తూ ఉంటే దారిలో ఒక మనిషి కనబడి, నీవు ఇక్కడికి రావలసిన సమయము ఇంకా కాలేదు, ముందుకు పో, దారి దొరుకుతుంది అన్నాడట. పరుగెత్తి పరుగెత్తి ఒక ఇరుకైన కిటికీలో దూరి బయటపడగానే మెలకువ వచ్చినదట.

ఈ కలకు అర్థము చెప్పడము మా పని కాదు. దానిని ఆయన ఒక ప్రవచనముగా ప్రకటించలేదు. ఒక మతము స్థాపించలేదు. జబ్బు నయమైన తరువాత, కలలో చూచినవాటిని ఇంటివారికి చూపించాలని కోరిక పుట్టి, తనకు తెలిసిన పనితోనే వాటిని చేశాడు. వెదురువంటి రెల్లు పుల్లలు, తీగ కట్టి ఆకారము నిలిపాడు. దానిమీద కాగితపు ముక్కలను పిండి జిగురుతో పొరమీద పొరగా అంటించాడు. ఆరబెట్టి, రంగులు వేశాడు. నిన్నటివరకు యూదా బొమ్మను చేసిన జిగురు గిన్నెలోనుండే ఈ కొత్త బొమ్మ వచ్చినది.

మెక్సికోలో పేరు పొందిన చిత్రకారులు డియేగో రివెరా, ఫ్రీడా కాహ్లో దంపతులు ఆయన చేత బొమ్మలు చేయించుకున్నారు. అయినా ఆయన చాలాకాలము మామూలు చేతిపనివాడుగానే బ్రతికాడు. కుమారులు ఎన్రికే, ఫెలిపే, మిగెల్ తండ్రి ప్రక్కన కూర్చొని పని నేర్చారు. వారి తరువాత మనుమలు అందుకున్నారు. 1990లో మెక్సికో ప్రభుత్వము జానపద కళల విభాగములో తన జాతీయ బహుమానమును ఆయనకు ఇచ్చినది. అప్పటికి ఆయన ఎనభై దాటిన వృద్ధుడు. రెండేండ్లకు, 1992లో, కన్నుమూశాడు.

ఇది నగరములోని కాగితపు బొమ్మల కథ. న్యూయార్కు బొమ్మ కథకు ఇంకొక పాయ ఉన్నది. అది పల్లెలలో, కొయ్యమీద సాగినది.

వహాకా రాష్ట్రము మెక్సికోకు దక్షిణమున ఉన్న కొండల ప్రాంతము. సపొతెక్ అనే ఆదిమ ప్రజల సీమ. మొక్కజొన్న పండించుకొని బ్రతికే పల్లెలు, వాననమ్మిన పొలాలు. ఆ రాష్ట్రపు పల్లెలనుండి మగవారు అమెరికాకు కూలికి వలసపోవడము చాలాకాలముగా ఉన్నది. మన జిల్లాలనుండి గల్ఫు దేశాలకు పోయినట్టే అనుకోండి. అక్కడ అరసోలా అనే ఊళ్లో మాన్యుయెల్ హిమెనెస్ అనే ఒకాయన ఉండేవాడు. 1919లో పుట్టాడు. చిన్నతనములో పశువులు కాస్తూ, పొద్దుపోక చేతికందిన కొయ్యతో జంతువులు చెక్కేవాడు. పెద్దవాడయ్యాక ఆ బొమ్మలే అన్నము పెట్టాయి. నగరములోని వ్యాపారులు, పరదేశీయులు వెదుక్కుంటూ ఆ ఊరికి వచ్చారు. ఆయనను చూసి ఇరుగుపొరుగువారు చెక్కడము మొదలుపెట్టారు. క్రమముగా అరసోలా, టిల్కాహెతె, లా ఊనియోన్ అనే మూడు పల్లెలు కొయ్యబొమ్మల ఊళ్లుగా పేరు పొందాయి. హిమెనెస్ 2005లో మరణించాడు. మొదట ఈ కొయ్యబొమ్మలను అలెబ్రిహెలు అనేవారు కాదు. లినారెస్ కాగితపు బొమ్మల పేరు తరువాత వీటికి కూడా అంటుకున్నది.

వాటిని చేసే విధము చెబితే మన పల్లెవారికి బాగా అర్థమవుతుంది. కొపాల్ అనే చెట్టు కొయ్యను వాడతారు. పచ్చిగా ఉన్నప్పుడు అది మెత్తగా ఉంటుంది, కత్తికి లోబడుతుంది. కొమ్మలు వంకరటింకరగా పెరుగుతాయి. పనివాడు కొమ్మను అటూ ఇటూ త్రిప్పి చూసి, ఈ వంపులో బల్లి ఉన్నది, ఈ పంగలో జింక ఉన్నది అని పోల్చుకుంటాడు. ముందు పెద్ద కత్తితో నరికి రూపము తీస్తాడు. తరువాత ఉలితో, చిన్న కత్తులతో నునుపు చేస్తాడు. చెక్కిన బొమ్మను నెలల తరబడి ఆరనివ్వాలి. ఆరేటప్పుడు బీటలు పడతాయి. వాటిని కొయ్య పేళ్లతో, రంపపు పొట్టు కలిపిన జిగురుతో పూడుస్తారు. పురుగు పట్టకుండా మందు పెడతారు. గరుకు కాగితముతో రుద్దుతారు. అప్పుడు రంగు.

రంగు వేయడమే ఎక్కువ కాలము పట్టే పని. సన్నని కుంచెతో చుక్క ప్రక్కన చుక్క, గీత ప్రక్కన గీత పెట్టుకుంటూ పోవాలి. పెద్ద బొమ్మకు ఇదే నెలల పని. చాలా ఇళ్లలో మగవారు చెక్కుతారు, ఆడవారు రంగులు వేస్తారు, పిల్లలు బడినుండి వచ్చి గరుకు కాగితముతో రుద్దుతారు. అందువలన ఒక బొమ్మ అడుగున ఒకరి పేరే రాసి ఉన్నా, అది ఒక కుటుంబమంతా చేసినది.

న్యూయార్కు బొమ్మను చేసిన హకోబో, మరియా ఇటువంటి ఇళ్లలోనివారే. హకోబో చిన్నతనములోనే తండ్రి దగ్గర చెక్కడము నేర్చుకున్నాడు. దంపతులిద్దరూ కలిసి పెట్టిన పనిశాలలో ఇప్పుడు ఆ ఊరి యువతీయువకులు అనేకులు పని నేర్చుకొని, పని చేసి జీతము తెచ్చుకుంటున్నారు. ఊరు విడిచి పరదేశము పోవలసిన అవసరము అంతమంది పిల్లలకు తప్పినది. పాతకాలపు రంగులను కూడా వారు మరల వాడుకలోనికి తెచ్చారు. నీలిమందు, దానిమ్మ, బ్రహ్మజెముడు మీద పెరిగే కొచినీల్ పురుగునుండి తీసే ఎరుపు, ఇటువంటివి. కొపాల్ చెట్టు బెరడు పొడిలో నిమ్మరసము కలిపితే ఒక రంగు, సున్నము కలిపితే మరొక రంగు వస్తుంది. పసుపులో సున్నము పడితే ఎర్రబడడము మన ఆడపిల్లలందరికీ తెలిసినదే కదా. ఆ వింత వంటిదే ఇదీ.

జంతువుల రూపాలను వారు ఊరకే కల్పించరు. సపొతెక్ ప్రజల పాత పంచాంగములో ఇరవై దినములకు గుర్తులు ఉన్నాయి. వాటిలో ఎన్నో జంతువుల గుర్తులే. మనిషి పుట్టిన దినమును బట్టి అతనికి ఒక జంతువు గుర్తు ఉంటుందని వారి పెద్దల నమ్మకము. ఆ కథలను బొమ్మలలో చెబుతారు. జాగ్వారు బలమునకు, గ్రద్ద ఎత్తుకు గుర్తులు. ఆ రెండు జీవులు వేలయేండ్లుగా ఆ దేశపు శిల్పాలలో ఉన్నాయి. మెక్సికో జెండా నడుమ ఉన్నది కూడా గ్రద్దయే. కాబట్టి ఆ దేశమువారు లోకమునకు ఒక కానుక ఇవ్వాలనుకున్నప్పుడు ఈ రెంటినీ కలిపి చేయించడములో వింత లేదు. మన దేశము నాలుగు సింహముల గుర్తు పెట్టుకోలేదా?

చేతిలో ఇమిడే బొమ్మలు ఇంత పెద్ద శిల్పాలు కావడము గత ఇరవై ఏండ్లలో బాగా పెరిగినది. 2006లో మెక్సికో నగరములో జానపద కళల మ్యూజియము తెరిచారు. ఆ మ్యూజియమువారు 2007నుండి అలెబ్రిహెల ఊరేగింపు నడిపిస్తున్నారు. మనిషికి రెండింతల ఎత్తుండే కాగితపు మృగాలను చక్రాల బండ్లమీద నిలిపి, వాటిని చేసినవారే నగరపు పెద్ద వీధులలో నెట్టుకుంటూ పోతారు. తరువాత కొన్నాళ్లు వాటిని ఆ వీధి ప్రక్కనే ప్రజలు చూడడానికి ఉంచుతారు. న్యూయార్కు నగరములోని రాక్‌ఫెల్లర్ సెంటర్ అనే వ్యాపార కూడలిలో కూడా 2021 శరత్కాలములో ఆంహెలెస్ దంపతుల పెద్ద శిల్పాలు రెండు నిలిపారు. పెద్ద పెద్ద నగరాలు పల్లె బొమ్మను పిలిచి నడివీధిలో నిలబెట్టుకుంటున్నాయి.

అయితే పేరు పెరిగినకొద్దీ కొన్ని చిక్కులు వచ్చాయి. మీ పిల్లలు 2017లో వచ్చిన కోకో అనే కార్టూను సినిమా చూచి ఉంటే, అలెబ్రిహెలు అంటే చనిపోయినవారికి తోవ చూపే ఆత్మజంతువులు అని చెబుతారు. ఇది సినిమావారి కల్పన. లినారెస్ బొమ్మలకు అటువంటి అర్థము లేదు. మృతుల దినమున మెక్సికోవారు చేసే ఆచారాలకు ఈ బొమ్మలు మొదటినుండి చెందినవి కావు. ఒక సినిమా చూచి లోకమంతా ఒక పొరబాటు నేర్చుకున్నది. ఇక రెండవ పొరబాటు మన పెద్దమ్మ ఫోనుకు వచ్చినది.

మూడవ చిక్కు చెట్టుది. బొమ్మలు ఎక్కువగా అమ్ముడుపోవడముతో ఊళ్ల చుట్టూ ఉన్న కొపాల్ చెట్లు తరిగిపోయాయి. పనివారు దూరపు కొండలనుండి కొయ్య కొనవలసి వచ్చినది. నరికిన చెట్టు తిరిగి రావడానికి ఏండ్లు పడుతుంది, కొనేవారి తొందర అంతకాలము ఆగదు. అందుకే ఇప్పుడు అక్కడ కొపాల్ మొక్కలు నాటించే పనులు నడుస్తున్నాయి. ఆంహెలెస్ దంపతులు కూడా మొక్కలు నాటించేవారిలో ఉన్నారు. ఈ మాట చదివినప్పుడు మాకు మన కొండపల్లి గుర్తుకు వచ్చినది. అక్కడి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కూడా ఇటువంటి మెత్తని కొయ్యయే. ముక్కలను అతకడానికి రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపిన మక్కు వాడతారు. అక్కడ కూడా ఇల్లంతా కలిసి పని చేస్తారు. అక్కడ కూడా కొయ్య దొరకక పనివారు ఇబ్బందిపడ్డారు. ఒకరినొకరు ఎన్నడూ చూడని రెండు ఊళ్ల పనివారికి ఒకే కష్టము.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాము. ఆ బొమ్మ ప్రకటన గ్రంథములోని మృగమా?

తరువాతి ఆదివారము ఆమెను కూర్చోబెట్టి, గ్రంథము తెరిచి, పదమూడవ అధ్యాయము ఆమె మనుమని చేతనే చదివించాము. ప్రక్కన ఫొటో పెట్టుకున్నాము. "తలలు ఎన్ని ఉన్నాయి నాయనా?" అని అడిగాము. గ్రంథములో ఏడు అన్నాడు. ఫొటోలో? ఒకటి. కొమ్ములు? గ్రంథములో పది. ఫొటోలో లెక్కించడానికి ఒకటీ లేదు. గ్రంథములోని మృగమునకు ఎలుగుబంటి పాదములు, సింహపు నోరు. ఇది జాగ్వారు. గ్రంథములో రెక్కల మాటే లేదు, బొమ్మకు రెక్కలున్నాయి. "అయితే దానియేలులో రెక్కలున్న సింహము ఉన్నది కదండీ" అన్నాడు ఆ పిల్లవాడు. వాడు సండేస్కూలులో బాగానే విన్నాడని సంతోషించాము. ఉన్నది. కాని ఇది సింహము కాదు. రెక్కలున్న ప్రతి జంతువూ దానియేలు మృగమైతే, యెహెజ్కేలు చూచిన జీవులను ఏమనాలి? వాటికీ రెక్కలు ఉన్నాయి, సింహము, ఎద్దు, పక్షిరాజు ముఖములు ఉన్నాయి. అవి దేవుని సింహాసనము దగ్గర ఉన్నవి. వింత రూపము ఉన్నంతమాత్రాన అది సాతానుది అని చెప్పడానికి వీలులేదు.

మరి ఇది విగ్రహము కాదా అని మీలో కొందరు అడుగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి ఎవరూ అక్కడ మ్రొక్కలేదు, ధూపము వేయలేదు. ప్రదర్శనకు పెట్టిన శిల్పము, కాలము ముగియగానే తీసివేసేది. సొలొమోను దేవాలయములో ఇత్తడి సముద్రము క్రింద పన్నెండు ఎద్దుల రూపాలు ఉన్నాయి, సింహముల రూపాలు ఉన్నాయి. వాటికి నమస్కరించడము పాపము గాని, చెక్కడము పాపము కాలేదు. ప్రత్యక్షపు గుడారము కట్టించేటప్పుడు కొయ్యపని, లోహపు పని చేయగల బెసలేలును పేరుపెట్టి పిలిచినట్టు నిర్గమకాండములో చదువుతాము. చేతిపనివాని పేరు గ్రంథములో నిలిచినది.

సపొతెక్ పెద్దల దినముల లెక్కను, జంతువుల గుర్తులను మనము నమ్మనక్కరలేదు. ఆ బొమ్మ మన కంటికి అందముగా కనబడనక్కరలేదు. మాకు కూడా మొదటిసారి చూచినప్పుడు కొంచెము బెరుకుగానే తోచినది. కాని నమ్మకపోవడము వేరు, నచ్చకపోవడము వేరు. తెలియకుండా ఒక మనిషి పనిమీద సాతాను ముద్ర వేసి పదిమందికి పంపడము వేరు. మన పది ఆజ్ఞలలో అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ ఉన్నది. పొరుగువాడు అంటే ప్రక్క ఇంటివాడే అని ప్రభువు చెప్పలేదు. వహాకా కొండలలో ఎండలో కూర్చొని, చుక్క ప్రక్కన చుక్క పెట్టుకుంటూ, నెలలు గడిపిన ఆ భార్యాభర్తలు, వారి దగ్గర పని నేర్చుకొనే పిల్లలు కూడా మన పొరుగువారే. వారిని గూర్చి ఒక్క మాట తెలియకుండానే లోకములో ఎన్నివేలమంది వారి పనిని మృగము అన్నారో! ఆ ఫొటోను పంపినవారిలో ఎక్కువమంది దుర్మార్గులు కారు. ప్రభువు రాకడకు ఎదురుచూచే మంచివారే. అందుకే ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి వచ్చినది.

మన ఇళ్లలో పెద్దలు ఒక అలవాటు చేసుకుంటే మంచిది. భయపెట్టే ఫొటో ఏదైనా వస్తే మూడు ప్రశ్నలు అడగండి. దీనిని ఎవరు చేశారు? ఎక్కడ చేశారు? ఎందుకు చేశారు? ఈ మూడింటికి జవాబు దొరికేవరకు ఇంకొకరికి పంపవద్దు. జవాబు తెలియకపోతే మీ బోధకుని గాని, బడిలో మాష్టారిని గాని అడగండి. మీ పిల్లలలో చదువుకున్నవారిని వెదకమనండి. ఆ మనుమడు పదిహేను నిమిషాలలో ఆంహెలెస్ దంపతుల పనిశాల చిత్రాలు వెదికి తీశాడు. ఒక చిత్రములో ఒక స్త్రీ ముక్కు దగ్గర వరకు బొమ్మను తెచ్చుకొని, ఊపిరి బిగబట్టి రంగు వేస్తున్నది. పెద్దమ్మ ఆ చిత్రమును చాలాసేపు చూచినది. ఆమె యౌవనములో బీడీలు చుట్టి పిల్లలను పెంచినది. చేతిపని చేసేవారి మెడ నొప్పి, కంటి మంట ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

"పాపము, ఎంత కష్టమో. ఇంత పనికి కూలి గిట్టుబాటవుతుందా అయ్యగారూ?" అని అడిగినది.

పేరున్న పనిశాలకు గిట్టుతుందనీ, చిన్న పనివారు చాలామంది సంతలో బేరమాడేవారి దయమీదనే ఉంటారనీ చెప్పాము. ఆమె తల ఊపినది. రెండు వారాల క్రితము ఆ ఫొటో చూసి భయపడిన మనిషి, ఇప్పుడు దానిని చేసినవారి కూలిని గూర్చి అడుగుతున్నది.

సెలవులలో పిల్లలు ఇంటిదగ్గర ఉంటే ఒక పని చేయించండి. పాత వార్తాపత్రికలు చింపి పెట్టండి. మైదాపిండిని నీళ్లలో కలిపి, గరిటజారుగా ఉడికించి చల్లార్చండి. ఈనెపుల్లలు, సన్న తీగ కట్టి వారికి ఇష్టమైన జంతువు ఆకారము నిలపమనండి. దానిమీద కాగితము ముక్కలు జిగురులో ముంచి అంటించాలి. ఒక పొర ఆరిన తరువాత ఇంకొక పొర, నాలుగైదు పొరలు పడాలి. తొందరపడి తడిగా ఉండగానే రంగు వేస్తే బూజు పడుతుంది. బాగా ఎండిన తరువాత రంగులు వేయనివ్వండి. గేదెకు నెమలి తోక పెట్టినా, మేకకు రెక్కలు పెట్టినా వద్దనకండి. లినారెస్ కుమారులు తండ్రి ప్రక్కన కూర్చొని నేర్చుకున్నది ఈ పనియే.

మా పెద్దమ్మ మనుమడు చేసిన బొమ్మ ఇప్పుడు వారి ఇంటి అరుగుమీద ఎండుతున్నది. ఒంటె మెడ, తాబేలు డిప్ప, బాతు కాళ్లు. రంగు ఇంకా వేయలేదు. దానికి ఏ పేరు పెట్టాలా అని అవ్వామనుమలు ఇద్దరూ ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు.